ఒంటరి కొలత

నానో కారుకు ముందు చక్రాల కొలత ఒకటి, వెనక చక్రాల కొలత ఇంకొకటి. ముందు 135/70 ఆర్12, వెనక 155/65 ఆర్12. మనం రోజూ చూసే చిన్న కార్లకు నాలుగు చక్రాలూ ఒకే సైజు. 2009 మార్చిలో టాటా వాళ్ళు అమ్మకానికి తెచ్చిన ఈ బుల్లి కారుకు మాత్రం ముందు జత వేరు, వెనక జత వేరు. ఆ ముందు సైజు వాడే మరో కారు మన రోడ్ల మీద నాకు ఇంతవరకూ కనపడలేదు. నానో తయారీ 2018లో ఆగిపోయింది. అప్పటికే అమ్ముడైనవి లక్షల్లో ఉన్నాయి. వాటిలో బతికున్నవి ఇంకా ఊళ్ళలో, సందుల్లో తిరుగుతున్నాయి. తిరిగినంత కాలం టైర్లు అరుగుతాయి.

ఆ బతికున్న వాటిలో ఒకటి మా అమ్మది.

అమ్మ తెనాలిలో టీచరుగా చేసి రిటైరైంది. జీవితమంతా నాన్న స్కూటరు వెనక కూర్చుని తిరిగిన మనిషి, ఉద్యోగం అయిపోయాక స్టీరింగు పట్టుకుంది. డ్రైవింగు నేర్చుకున్నది ఈ కారులోనే. నాలుగు మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోతుంది కాబట్టి మా సందు మొదట్లో వెనక్కీ ముందుకీ కుస్తీ పట్టాల్సిన పని లేదు. బోసు రోడ్డు రద్దీలో కూడా ఇంత చోటు దొరికితే చాలు, పెట్టేస్తుంది. 2012లో కొన్న బండి, పవర్ స్టీరింగు లేదు. అయినా ఆవిడ చేతికి బరువు అనిపించదు. ఇంజను వెనక సీటు కింద ఉండటం, ముందు టైర్లు సన్నగా ఉండటం అందుకు కారణం. ఇంకాస్త పెద్ద కారు కొందామమ్మా అని నేనన్నప్పుడల్లా ఒకటే జవాబు: "ఇది నా వొంటికి కుదిరిన బండి తల్లీ. ఇంకోటి నాకెందుకు?"

ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. ఆ వయసులో ఒక మనిషికి ఎవరి సాయమూ అడక్కుండా బయటికి వెళ్ళి రాగల స్వేచ్ఛ దొరికిందంటే, దాన్ని ఇచ్చిన వస్తువుకు మర్యాద ఉంటుంది. మార్కెట్టుకు, బ్యాంకుకు, దుగ్గిరాలలో పిన్ని వాళ్ళింటికి, ఆవిడకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెళ్తుంది. దుగ్గిరాల నుంచి వచ్చేటప్పుడు డిక్కీ లేని ఆ కారు వెనక సీటు నిండా అరటి గెలలుంటాయి.

టైర్లు మొదటిసారి మార్చినప్పుడు కారు ఇంకా తయారవుతూనే ఉంది. షాపుకు వెళ్ళడం, నాలుగూ వేయించుకుని రావడం, అంతే. సమస్య ఒకటి పొంచి ఉందని కూడా ఎవరికీ తోచలేదు. ఈసారి మెకానిక్ కారును జాకీ మీద ఎత్తి ముందు చక్రాన్ని చేత్తో తిప్పి చూపించాడు. గాడుల లోపల అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి, అరుగుదల తెలియడానికి. బటన్లు అరిగి అరిగి ఆ దిమ్మలతో సమానం అయ్యాయంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చేసిందని లెక్క. కార్లకు మన మోటారు వాహనాల నిబంధనలు పెట్టిన హద్దు కూడా అదే. పక్క గోడల మీద సన్నటి పగుళ్ళు కూడా వచ్చాయి. వానాకాలంలో కరకట్ట రోడ్డు మీద అమ్మ ఆ టైర్లతో వెళ్తుందన్న ఊహే నాకు నిద్ర పట్టనివ్వలేదు.

తెనాలిలో అడిగాం, లేవన్నారు. గుంటూరులో లేవు. లారీ ఇంజను మొత్తం విప్పి మళ్ళీ బిగించి పంపగల విజయవాడ ఆటోనగర్‌లో ఒక జత టైర్లు దొరక్కపోతాయా అనుకుని అక్కడికీ వెళ్ళాను. కొన్ని షాపుల్లో సైజు చెప్పగానే తల అడ్డంగా ఊపారు. ఒక పెద్దాయన మాత్రం నన్ను కూర్చోబెట్టి, ఓపిగ్గా చెప్పారు.

"నానోకా అమ్మా? వెనకవి ఇప్పుడే ఇస్తాను. ముందువే లేవు."

"ఎప్పుడొస్తాయండీ?"

"ఏం చెప్పమంటారు? ఏడాదికి ఒక జత అడిగేవాళ్ళు వస్తారో రారో. తెప్పించి పెట్టుకుంటే డేటు పాతబడుద్ది. పాత డేటు టైరు ఇస్తే మీరే వద్దంటారు. కంపెనీ డిపోలో అడిగితే, ఇన్ని కావాలని చెప్తే చూస్తామంటారు. ఒక్క జతకి వాళ్ళు మాత్రం ఏం చూస్తారు?"

"మరి మిగతావాళ్ళు ఏం చేస్తున్నారండీ?"

"ఆల్టో టైర్లు వేయించుకుంటున్నారమ్మా. రిమ్ము పన్నెండే కదా, ఎక్కుద్ది."

ఎక్కడం నిజమే. కానీ టైరు పక్కన రాసి ఉన్న అంకెలు తీరిగ్గా లెక్క వేస్తే అసలు విషయం బయట పడుతుంది. 135 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు ఎంత శాతమో. ఆర్ అంటే రేడియల్. 12 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 135లో 70 శాతం 94.5. కిందొకటి, పైనొకటి, రెండు గోడలు కలిపి 189. పన్నెండు అంగుళాలంటే 304.8 మిల్లీమీటర్లు. మొత్తం చక్రం ఎత్తు దాదాపు 494. ఆల్టోకు వచ్చే 145/80 ఆర్12కు ఇదే లెక్క కడితే దాదాపు 537 వస్తుంది. అంటే 43 మిల్లీమీటర్లు ఎక్కువ. ఆ టైర్లు వేస్తే కారు ముక్కు రెండు సెంటీమీటర్లకు పైగా పైకి లేస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి రేకుకు ఎంత దగ్గరగా వెళ్తుందో చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ముందు చక్రం వెనక చక్రం కన్నా పెద్దదైపోతుంది. కారును గీసిన ఇంజనీర్లు కోరుకున్నది సరిగ్గా దీనికి తిరగబడిన అమరిక.

వాళ్ళు అలా ఎందుకు కోరుకున్నారో తెలుసుకున్నాక నాకు ఆ సన్నటి ముందు టైరు మీద గౌరవం పెరిగింది. బరువంతా వెనక ఉన్న కారు మలుపులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది పెడుతుంది. ముందు టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకుని వెనకవి పట్టు తప్పాయా, కారు తోక బయటికి విసురుకుంటుంది. అలా విసురుకున్న కారును మామూలు డ్రైవరు అదుపు చెయ్యడం కష్టం. అందుకే వెనక పట్టు ఎప్పుడూ ముందు పట్టుకన్నా ఒక మెట్టు పైన ఉండాలి. 1960 మోడలుగా అమెరికాలో షెవర్లే కొర్వేర్ అనే వెనక ఇంజను కారు వచ్చింది. దానికి నాలుగు టైర్లూ ఒకే సైజు. పట్టులో ఆ తేడాను గాలితో తెచ్చారు: ముందు 15 పౌండ్లు, వెనక 26. గాలి పట్టేవాళ్ళలో చాలామంది అంత తేడా ఏమిటని అన్నిటికీ సమానంగా కొట్టేవారు. కార్ల భద్రతను విమర్శిస్తూ రాల్ఫ్ నేడర్ 1965లో రాసిన పుస్తకం మొదటి అధ్యాయం ఆ కారు మీదే. తర్వాత 1972లో ప్రభుత్వ సంస్థ పరీక్షలు జరిపి, ఆ కాలపు మిగతా కార్లకన్నా అదేమీ అధ్వానం కాదని తేల్చింది. ఆ వాదం అలా ఉంచితే, భద్రతను గాలి పైపు పట్టుకున్న కుర్రాడి జ్ఞాపకశక్తికి వదిలెయ్యకూడదన్న పాఠం మాత్రం మిగిలింది. నానో ముందు టైరు వెడల్పులోనే ఆ తేడా ఉంది. గాలి ఎవరు కొట్టినా, ఎలా కొట్టినా, 135కూ 155కూ మధ్య ఉన్న ఇరవై మిల్లీమీటర్లు చెరిగిపోవు.

మరి ఇంత బాగా ఆలోచించిన కొలతే ఈరోజు అమ్మ కారును ఇంట్లో కూర్చోబెట్టింది. నన్ను వదలకుండా పట్టుకున్న ఆలోచన ఇదే. ఒక వస్తువు తన పనికి తాను అతికినట్టు ఉండటం ఒక గుణం. తోటి వస్తువులతో కొలతలు పంచుకోవడం ఇంకో గుణం. మొదటిది వస్తువును బాగా పనిచేయిస్తుంది. రెండోది దాన్ని ఎక్కువ కాలం బతికిస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ కలిసి రావు. ఒకదాని కోసం ఒక్కోసారి రెండోదాన్ని వదులుకోవాలి.

మారుతీ 800ను చూడండి. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగింది. నానో కన్నా ముందు ఆగిపోయిన కారు. అయినా దాని టైర్ల కోసం ఇంత వెతుకులాట లేదు. దాని 145/70 ఆర్12 కొలత ఎక్కడా ఒంటరిదైపోలేదు. పైగా 2023లో ఎం.జి. కంపెనీ కామెట్ అనే చిన్న ఎలక్ట్రిక్ కారు తెచ్చింది. దానికి పెట్టినవి కూడా 145/70 ఆర్12 టైర్లే. పెట్రోలు వాసన లేని కొత్త కారు ఒకటి, నలభయ్యేళ్ళ నాటి పాత కారు కాళ్ళకు చెప్పులు దొరికేలా చేసింది. ఆ రెండింటి తయారీదారులకూ ఒకరితో ఒకరికి సంబంధం లేదు. కొలత కలిసింది, అంతే. కలిసినందువల్ల కొత్త కారు కోసం పోసే టైర్లలోనే పాత కారుకూ వాటా దొరుకుతోంది.

ఎవరితోనూ కలవని కొలతల కథలు వేరే దేశాల్లోనూ ఉన్నాయి. మిషెలిన్ 1975లో టి.ఆర్.ఎక్స్. అనే టైరు తెచ్చింది. దాని రిమ్ములను అంగుళాల్లో కాకుండా మిల్లీమీటర్లలో, 390 వంటి కొలతల్లో చేశారు. మామూలు టైరు ఆ రిమ్ముకు ఎక్కదు, ఆ టైరు మామూలు రిమ్ముకు ఎక్కదు. టైరుగా అది గొప్పదే, ఆ రోజుల్లో బి.ఎం.డబ్ల్యూ., ఫోర్డ్, ప్యూజో లాంటి వాళ్ళు తీసుకున్నారు. తర్వాత దాన్ని ఎవరూ అందుకోలేదు. ఇప్పుడు ఆ కార్లు ఉన్నవాళ్ళు తక్కువ సంఖ్యలో పోసే టైర్లకు పెద్ద ధర పెట్టాలి, లేదా నాలుగు రిమ్ములూ తీసి మామూలువి వేసుకోవాలి. అమెరికాలో రెండు సీట్ల స్మార్ట్ కారు పాత మోడలుది మన నానో బాధే: ముందు 155/60 ఆర్15, వెనక 175/55 ఆర్15. అక్కడా స్మార్ట్ అమ్మకాలు 2019తో ఆగాయి. డాలస్‌లో ఉన్న మా కజిన్ ఆఫీసుకు దానిలోనే వెళ్తాడు. మొన్న ఫోనులో నేను నానో గురించి మొదలుపెట్టేలోపే వాడు తన టైర్ల సంగతి ఎత్తుకున్నాడు.

టైరును ఒక్కటి చేసి ఇవ్వమంటే ఎవరూ చెయ్యలేరు. మొదట నేను కూడా, రబ్బరే కదా, పెద్ద కంపెనీకి రెండు టైర్లు లెక్కా అనుకున్నాను. మన తెలుగు నేల మీదే సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. ఉంది, తిరుపతి వైపు చినపాండూరులో అపోలో ఉంది, అచ్యుతాపురంలో యోకొహామా వాళ్ళది ఉంది. కానీ టైరు పుట్టే పద్ధతి తెలిస్తే ఆ కోరిక ఎంత పెద్దదో అర్థమవుతుంది. పచ్చి రబ్బరు పొరలు, దారాల పొరలు, ఉక్కు తీగలు ఒక డ్రమ్ము మీద చుట్టి ముందు ఆకారం తెస్తారు. దాన్ని లోహపు అచ్చులో పెట్టి వేడి, ఒత్తిడి మధ్య ఉడికిస్తారు. గంధకం రబ్బరును బిగించేదీ, గాడులూ అంకెలూ అచ్చు పడేదీ అప్పుడే. ప్రతి సైజుకూ దాని అచ్చు దానిదే. ప్రెస్సులో ఒక అచ్చు దింపి ఇంకోటి ఎక్కించాలంటే అంతసేపూ యంత్రం ఖాళీ. కాబట్టి ఒకసారి ఎక్కించాక వందలు, వేలు దిగితేనే గిట్టుబాటు. తయారీలో ఉన్న కారైతే ఆ వేలు కార్ల ఫ్యాక్టరీకే పోతాయి. ఆగిన కారు టైర్లు ఊరికొకటి, జిల్లాకు పది చొప్పున చెదిరిపోయిన అవసరం. అవసరం ఉందన్న సంగతి ఎవరి పుస్తకంలోనూ ఒకచోట కనపడదు.

దొరికినప్పుడు ఎక్కువ కొని దాచుకుందామన్నా కుదరదు. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజనూ ఓజోనూ దాన్ని నెమ్మదిగా తింటాయి. టైరు పక్కన చివర ఉండే నాలుగు అంకెలు దాని పుట్టిన తేదీ: 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని. అయిదేళ్ళు దాటాక ఏటా చూపించుకోమని, పదేళ్ళు నిండితే బటన్లు ఎంత ఉన్నా తీసెయ్యమని మిషెలిన్ లాంటి కంపెనీలే చెప్తాయి. ఆటోనగర్ పెద్దాయన షాపులో పెట్టుకోకపోవడం న్యాయమే. నేను ఆయన్ని తప్పు పట్టను. కంపెనీలనూ పట్టను. ఇందులో దుర్మార్గులు ఎవరూ లేరు. అయినా అమ్మ ఇంట్లోనే ఉంది.

కాబట్టి తప్పెవరిదన్న ప్రశ్న వదిలి, ఎవరు ఏమి చేస్తే ఇది తేలికవుతుందన్న ప్రశ్న పట్టుకున్నాను. 145/70 ఆర్12 ఉంది చూశారూ, మారుతీ 800దీ కామెట్‌దీ, దాని ఎత్తు లెక్క కడితే దాదాపు 508 వస్తుంది. నానో ముందు టైరు కన్నా 14 మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ. వెడల్పు 145, అంటే వెనక 155 కన్నా ఇంకా సన్నమే. కాగితం మీద చూస్తే నానో ముందుకు అది దగ్గరి చుట్టం. కానీ కాగితం మీద దగ్గరగా ఉన్నంత మాత్రాన తడి రోడ్డు మలుపులో అమ్మ కారు ఎలా ప్రవర్తిస్తుందో నేను చెప్పలేను, ఆటోనగర్ పెద్దాయనా చెప్పలేరు. చెప్పగలిగేవాళ్ళు కారును గీసి, పరీక్షించినవాళ్ళే. ఒక కారు తయారీ ఆపేటప్పుడు కంపెనీలు ఒక్క పేజీ రాసి ఇస్తే ఎంత బాగుండును: ఈ సైజు దొరకనప్పుడు ఫలానా సైజు వెయ్యొచ్చు, గాలి ఇంత పెట్టండి, ఫలానాది మాత్రం వెయ్యొద్దు అని. పరీక్షించే ట్రాకులు వాళ్ళకున్నాయి, ఆ కారును ఎరిగిన ఇంజనీర్లు అప్పటికింకా ఉద్యోగాల్లోనే ఉంటారు. ఇరవయ్యేళ్ళ పాటు వేలమంది ప్రాణాలకు పనికొచ్చే పేజీ అది.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. అందులో సెల్‌ఫోన్లు, ఇంటి సామాన్లు, వ్యవసాయ పరికరాలతో పాటు మోటారు వాహనాలు కూడా ఉన్నాయి. మరమ్మతు హక్కు అనగానే మనకు స్క్రూలు, విడిభాగాలు, సర్వీసు పుస్తకాలు గుర్తొస్తాయి. టైరు ఎవరికీ గుర్తు రాదు, అది ఎక్కడపడితే అక్కడ దొరికే వస్తువన్న నమ్మకం కొద్దీ. ఆ నమ్మకం అందరూ వాడే సైజులకే చెల్లుతుంది. లక్ష రూపాయల కారు అని దేశమంతా చెప్పుకున్న బండిని కొన్నవాళ్ళలో రెండు చక్రాల మీద నుంచి నాలుగు చక్రాలకు మారినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అయిదేళ్ళకొక కారు మార్చేవాళ్ళు కారు. తక్కువ ధర కారు ఎక్కువ కాలం ఒకే ఇంట్లో ఉంటుంది. అందుకే దాని భాగాలు అన్నిటికన్నా సులువుగా దొరకాలని నేను గట్టిగా అంటాను. ఖరీదైన కారు కొన్నవాడు టైరు దొరక్కపోతే వేరే దారి చూసుకుంటాడు. అమ్మకు ఆ కారే దారి.

చివరికి పని మా తెనాలి మెకానిక్ వల్ల కదిలింది. అతని దగ్గరికి వచ్చే నానోలు ఇంకా కొన్ని ఉన్నాయి. కొల్లూరులో ఒక ఆర్.ఎం.పి. డాక్టరు గారిది, వేమూరులో ఒక రైతుది, పట్టణంలో మరికొందరివి. అందరికీ ఫోన్లు చేశాడు. ముందు టైర్లు అరిగినవాళ్ళు కొందరు, ఇంకో ఏడాది నడిచేవాళ్ళు కొందరు. ఆ ఏడాది ఆగేవాళ్ళను కూడా ఇప్పుడే తీసుకోమని ఒప్పించాం. ఆ లెక్క రాసుకుని నేను మళ్ళీ ఆటోనగర్ పెద్దాయనకు ఫోన్ చేశాను. "ఇన్నయితే అడగొచ్చమ్మా" అన్నారు. అందరి దగ్గరా అడ్వాన్సు తీసుకుని డిపోకు ఆర్డరు రాయించారు. వచ్చే నెల మొదటి వారంలో వస్తాయని చెప్పారు. అన్నీ ఒకే డేటువి కావాలని, రెండేళ్ళు దాటినవి ఒక్కటి ఉన్నా వెనక్కి పంపేస్తామని నేను ముందే చెప్పి పెట్టాను. వచ్చిన రోజే డాక్టరు గారి బండికి, అమ్మ బండికి వేయించి, అలైన్‌మెంట్ చూపించాలని అనుకున్నాం. వెనక టైర్లు ఇంకా బాగానే ఉన్నాయి. కానీ అమ్మ ఊరుకోలేదు. "ఎటూ నలుగురినీ పోగు చేశారుగా, వెనకవి ఎవరెవరికి ఎప్పుడు కావాలో అది కూడా ఆ కాగితం మీదే రాసి పెట్టించు" అంది. మెకానిక్ షెడ్డులో గోడకు తగిలించిన ఆ కాగితంలో ఇప్పుడు రెండు నిలువు వరసలు ఉన్నాయి. మొన్న బాపట్ల నుంచి ఒకాయన ఫోన్ చేసి తన పేరు రెండింటిలోనూ రాయించుకున్నారు.